కంచె చేను మేసినపుడు

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములో జ్వరము వింత కాదు. వానలు పడు నెలలలో ఒక జ్వరము, పత్తి ఏరు చలికాలములో ఒక జ్వరము, ఉగాదికి ముందే మండిపోవు ఎండలలో మరియొక జ్వరము. ఇంటి పెద్దలు నుదుటిపై చేయి వేసి చూచి, రెండు నాళ్ళు లంకణము, మిరియాల కషాయము, అప్పటికిని తగ్గనిచో ఆస్పత్రి అని నిర్ణయించుట తరతరాలుగా వచ్చుచున్న మర్యాద. చాల జ్వరములు తమంత తామే తగ్గును గనుక ఆ మర్యాద నిలిచినది. కాని అదే ఇంటిలో లూపస్ అను రోగమునకు మందులు వాడుచున్న కోడలో, కూతురో ఉన్నచో, ఆ రెండు నాళ్ళలోనే ఆమెకు ప్రాణము మీదికి రావచ్చును. ఎందుచేత అని అడుగువారికి కొంత చరిత్ర చెప్పవలసియున్నది. ఆ చరిత్ర నడిమధ్యలో మన తెలుగువాడు ఒకడు నిలిచియుండుట శ్రోతలకు సంతోషము కలిగించునని మా నమ్మకము.

కంచె చేను మేసినట్లు అని మనలో ఒక సామెత కలదు. లూపస్ కథ అదియే. బయటినుండి వచ్చు సూక్ష్మజీవులను తరిమికొట్టుటకై శరీరము పెంచుకొన్న రోగనిరోధక శక్తి, తనవారెవరో పరాయివారెవరో గుర్తించలేక, సొంత కీళ్ళపైనను, చర్మముపైనను, మూత్రపిండములపైనను, ఒక్కొక్కప్పుడు మెదడుపైనను పడును. బుగ్గలమీద సీతాకోకచిలుక రెక్కలవలె ఎఱ్ఱని మచ్చ, వ్రేళ్ళ కీళ్ళ నొప్పులు, ఎడతెగని నీరసము, వెండ్రుకలు రాలుట, కాళ్ళ వాపు, ఇవి దాని గుర్తులు. రోగులు పదిమందిలో తొమ్మిదిమంది స్త్రీలు. అందులోను బిడ్డలను కని పెంచు వయసువారే ఎక్కువ. ఈ రోగమునకు మందు ఏమనగా ఆ కంచెను కొంత పడగొట్టుట. పడగొట్టినంతనే చేను మేత తగ్గును. కాని కంచె లేని చేనులో ఊరి పశువులన్నియు పడును గదా. లూపస్ వైద్యపు చరిత్ర అంతయు, కంచెను ఎంతమేరకు తీయవలెను, తీసినచోట కాపలా ఎట్లు ఉండవలెను అను రెండు ప్రశ్నలకు సమాధానము వెదకుటయే.

లూపస్ అనగా లాటిన్ భాషలో తోడేలు. తోడేలు కొరికినట్లు ముఖము పుండ్లుపడు వ్యాధులకు మధ్యయుగపు ఐరోపా వైద్యులు ఈ పేరు పెట్టినారు. చర్మమునకు సోకు క్షయ కూడ ఆ పేరుతోనే చెలామణి అయినది. 1903లో నోబెల్ బహుమానము పొందిన డెన్మార్క్ వైద్యుడు నీల్స్ ఫిన్సెన్ వెలుతురు కిరణములతో నయము చేసినది ఆ చర్మక్షయనే. మనము చెప్పుకొను లూపస్‌కు వెలుతురే పడదు; ఎండ తగిలినచో మచ్చ ఎఱ్ఱబడి రోగము పైకెగయును. పేరు ఒక్కటియే, గుణము మాత్రము తలక్రిందులు. ఇది చర్మముతో ఆగక లోపలి అవయవములకు వ్యాపించునని 1872లో వియన్నా నగరపు కపోసియు, 1895లో విలియం ఆస్లరును వ్రాసినారు. అయినను ఇది కూడ క్షయలో ఒక రకమేనని నమ్మిన వైద్యులు, ముఖ్యముగా ఫ్రాన్సు దేశమువారు, చాలకాలము ఉండిరి. ఆ నమ్మకముతోనే బంగారపు లవణములు ఎక్కించిరి. ఆ పొరపాటు పోయినది గాని, క్షయకును లూపస్‌కును సంబంధము మరియొక దారిన తిరిగి వచ్చినది. ఆ దారి పేరు చికిత్స.

1948వ సంవత్సరమును మేము ఈ కథకు నడిబొడ్డుగా ఎంచుచున్నాము. ఆ సంవత్సరము జనవరిలో అమెరికాలోని మేయో వైద్యశాలకు చెందిన మాల్కం హార్‌గ్రేవ్స్, ఆయన సహచరులు, లూపస్ రోగుల మూలుగలో ఒక విచిత్రమైన కణమును చూచినట్లు ప్రకటించినారు. ఒక తెల్లకణము మరియొక కణపు కేంద్రకమును మింగి కూర్చున్నది. కంచె చేను మేయుట సూక్ష్మదర్శిని క్రింద కంటికి కనబడినది అన్నమాట. అదే వైద్యశాలలో అదే సంవత్సరము సెప్టెంబరులో ఫిలిప్ హెంచ్ అను వైద్యుడు, కీళ్ళవాతముతో మంచము పట్టిన ఒక స్త్రీకి కార్టిజోన్ సూది మందు ఇచ్చినాడు. కొద్ది రోజులలో ఆమె లేచి నడచినది. త్వరలోనే లూపస్ రోగులకును అది ఇచ్చి చూచినారు. జ్వరము దిగినది, కీళ్ళు వదలినవి. 1950లో హెంచ్‌కును, ఆ పదార్థమును వెలికితీసిన కెండాల్, రైక్‌స్టైన్‌లకును నోబెల్ బహుమానము వచ్చినది.

ఆ సంబరము ఎంతో కాలము నిలువలేదు. కార్టిజోన్ తీసుకొన్నవారిలో అణగియున్న క్షయ మేలుకొనుట వైద్యులు త్వరలోనే గమనించినారు. అంతకంటె మాయగా, అది జ్వరమును దాచివేయును. ఊపిరితిత్తిలో న్యుమోనియా పట్టియుండగా ఒళ్ళు చల్లగా ఉండవచ్చును; కడుపులో పేగు చిల్లిపడినను నొప్పి అంతగా తెలియకపోవచ్చును. 1955లో జాన్స్ హాప్కిన్స్ వైద్యశాల వారు లెక్క చూడగా, రోగము గుర్తించిన నాలుగు సంవత్సరములకు రోగులలో సుమారు సగముమంది మాత్రమే మిగిలియుండిరి.

ఇక మన తెలుగువాని సంగతి. ఎల్లాప్రగడ సుబ్బారావు 1895లో, అనగా ఆస్లరు పైన చెప్పిన వ్యాసము వ్రాసిన సంవత్సరముననే, భీమవరములో జన్మించినాడు. మద్రాసు వైద్య కళాశాలలో చదువుచుండగా ఖద్దరు ధరించెనని ఒక తెల్లదొర కోపించుటచే ఆయనకు పూర్తి పట్టా దక్కలేదు. తక్కువ తరగతి యోగ్యతాపత్రముతో సరిపెట్టుకొని, మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో పాఠములు చెప్పినాడు. సోదరులిద్దరు సంగ్రహణి జబ్బుతో కొద్ది వ్యవధిలో కన్నుమూసిరి. ఆ జబ్బు అంతు చూడవలెనను పట్టుదల ఆయనను వదలలేదు. 1922లో బోస్టన్ చేరి, ఆస్పత్రిలో రాత్రివేళ కూలిపని చేసికొనుచు హార్వర్డులో చదివినాడు. రక్తములో భాస్వరమును కొలుచు పద్ధతిని ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రకటించినాడు. అది ఇప్పటికిని ఇద్దరి పేర్లతోనే వ్యవహరింపబడుచున్నది. 1940లో న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరి, పరిశోధన విభాగమునకు అధిపతి అయినాడు.

అక్కడ ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారు చేసినది. సంగ్రహణి రోగుల పాలిపోయిన రక్తమునకు అది మందు. అన్నదమ్ములను పొట్టనబెట్టుకొన్న జబ్బునకు అన్న మాట చెల్లించినట్లయినది. కాని కథ అక్కడ ఆగలేదు. ఫోలిక్ ఆమ్లము లేనిదే కణములు విభజన చెందలేవు. కావున దానికి పోలికగల దొంగ పదార్థమును పంపినచో, వేగముగా పెరుగు కణములు మోసపోయి ఆగిపోవును. బోస్టన్‌లో పిల్లల రక్తపు క్యాన్సరుతో పోరాడుచున్న సిడ్నీ ఫార్బర్‌కు సుబ్బారావు బృందము అట్టి పదార్థములను పంపినది. అందులో అమినాప్టెరిన్ అనుదానిని తీవ్రముగా జబ్బుపడిన 16మంది పిల్లలకు ఇవ్వగా 10మందికి తాత్కాలికముగా నెమ్మదించినదని ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించినాడు. దాని తమ్ముడే మిథోట్రెక్సేట్. వేగముగా పెరుగు కణములలో నిరోధశక్తికి సంబంధించిన తెల్లకణములును ఉన్నవి గదా! అందుచేత అది కాలక్రమమున కీళ్ళవాతమునకును, లూపస్‌లోని కీళ్ళ నొప్పికిని, చర్మపు మచ్చలకును మందైనది.

అదే ప్రయోగశాలలో, అదే సుబ్బారావు పర్యవేక్షణలో, డెబ్బది యేండ్లు దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ మట్టి నమూనాలను పరీక్షించుచు, మిస్సోరి విశ్వవిద్యాలయపు పొలమునుండి వచ్చిన మట్టిలో బంగారు రంగుగల ఒక సూక్ష్మజీవిని కనుగొనినాడు. దానినుండి వచ్చినదే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ జాతి మందులలో మొదటిది. 1948 జులైలో అది లోకమునకు తెలుపబడినది. ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి మరణించినాడు. వయస్సు యాబది మూడు. మిథోట్రెక్సేట్ లూపస్ రోగులకు పోవుననిగాని, ఆ రోగులకు సోకు జబ్బులకు ఆరియోమైసిన్ వంశమువారే పనికివత్తురనిగాని ఆయన ఎఱుగడు. కంచెను దించు మందు, చేనిలో పడిన పశువును తోలు మందు, ఒకే కొట్టులోనుండి వచ్చినవి. నేడు ఆదోనిలో ఒక స్త్రీ వారమునకు ఒకనాడు మిథోట్రెక్సేట్ వేసికొని, మరియొకనాడు ఫోలిక్ ఆమ్లము వేసికొని, పొలములో చిన్న పురుగు కుట్టుటచే వచ్చు స్క్రబ్ టైఫస్ జ్వరమునకు డాక్సీసైక్లిన్ వాడినచో, ఆ మూడింటి పుట్టుకకును భీమవరపు బిడ్డ పెద్దరికము వహించినట్లే. ఆయనకు నోబెల్ బహుమానము రాలేదని మనవారు బాధపడుదురు. ఆ బాధలో న్యాయము లేకపోలేదు గాని, ఆ స్త్రీ చేతిలోని మాత్రలు అంతకంటె గట్టి సాక్ష్యమని మా అభిప్రాయము.

ఇచ్చట ఒక మాట ప్రక్కకు జరిగి చెప్పవలసియున్నది. మిథోట్రెక్సేట్ ఈ రోగులకు వారమునకు ఒక్కనాడే. చీటీ సరిగా చదువలేక రోజూ వేసికొన్నవారి రక్తములో తెల్లకణములు పడిపోయి, నోరు పుండ్లుపడి, ప్రాణాపాయము కలుగును. జ్వరమునకని, నీళ్ళ విరేచనములకని సులభముగా చేతిలో పెట్టు కోట్రైమాక్సజోల్ మాత్ర కూడ ఫోలిక్ ఆమ్లపు దారినే అడ్డగించును. మిథోట్రెక్సేట్‌తో అది కలిసినచో మూలుగ ఎండిపోవచ్చును. పైగా గంధక జాతికి చెందిన ఆ మందు లూపస్‌నే రెచ్చగొట్టవచ్చును. మందుల దుకాణమువానికి ఇది తెలిసియుండునని అనుకొనరాదు.

తరువాతి మందులను త్వరగా దాటవచ్చును. 1950వ దశకములో హిచ్చింగ్స్, గెర్ట్రూడ్ ఎలియన్ తయారుచేసిన అజాథయోప్రిన్. అదే దశకములో జర్మనీలో విషవాయువు వంశమునుండి పుట్టిన సైక్లోఫాస్ఫమైడ్. అన్నిటికంటె వింతైనది మైకోఫినాలేట్. 1893లో ఇటలీ వైద్యుడు బార్టొలొమియో గోసియో బూజుపట్టిన మొక్కజొన్నను పరీక్షించుచు దాని మూల పదార్థమును వెలికితీసి, అది ఆంత్రాక్స్ క్రిములను అణచునని చూచినాడు. సూక్ష్మజీవులను చంపుననుకొన్న వస్తువు నూరేండ్ల తరువాత, వాటికి తలుపు తెరచు మందుల వరుసలో చేరినది. మందులు పెరిగినకొలది లూపస్ వలన చచ్చువారు తగ్గినారు. మరి ఎవరు చచ్చుచున్నారు? 1976లో టొరంటో నగరమునకు చెందిన మర్రే యురోవిట్జ్ బృందము, 81మంది రోగులను అయిదేండ్లు వెంబడించి, 11 మరణములను పరిశీలించినది. మొదటి ఏడాదిలోనే చనిపోయిన ఆరుగురిలో నలుగురికి తీవ్రమైన ఇన్ఫెక్షన్ ఉన్నది. వారు వాడుచున్న ప్రెడ్నిసోన్ సగటున రోజుకు 53 మిల్లీగ్రాములు. ఏండ్లు గడచిన తరువాత పోయిన అయిదుగురికిని మరణమునకు కొద్దికాలము ముందే గుండెపోటు వచ్చియుండెను. రోగము ఒక్కటే శత్రువు కాదని ఆ చిన్న లెక్క వైద్యలోకమునకు నేర్పినది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. లూపస్ రోగికి జ్వరము వచ్చినపుడు దానికి రెండు అర్థములు ఉండవచ్చును: రోగము పైకెగయుట ఒకటి, సూక్ష్మజీవి లోపల దూరుట ఒకటి. మొదటిదైనచో నిరోధశక్తిని ఇంకను అణచవలెను. రెండవదైనచో అణచుట తగ్గించవలెను. చికిత్సలు ఒకదానికొకటి ఎదురు. అందుచేత మంచి వైద్యులు, వేరని తేలువరకు దానిని ఇన్ఫెక్షన్‌గానే ఎంచుదురు. రక్తమును కల్చరుకు తీసి, మూత్రము, కఫము, ఛాతీ ఎక్స్‌రే చూచి, ఫలితము వచ్చువరకు కూర్చుండక ముందుగానే యాంటీబయాటిక్ ఆరంభింతురు. ఈ రెంటిని వేరుచేయుటకు పాత పరీక్ష ఒకటి చాల ఆదుకొనినది. 1930లో న్యూయార్కు రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అను ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తములో కనుగొన్న సి.ఆర్.పి. అను పదార్థమది. లూపస్ పైకెగసినపుడు ఇ.ఎస్.ఆర్. పెరుగును గాని సి.ఆర్.పి. సాధారణముగా అంతగా పెరుగదు; ఇన్ఫెక్షన్‌లో బాగుగా పెరుగును. రోగము పైకెగసినపుడు కాంప్లిమెంట్ అను రక్త పదార్థములు తగ్గును. ఈ సూచనలలో ఏదియు ఒంటరిగా తీర్పు చెప్పజాలదు. గుండె, ఊపిరితిత్తుల పొరలు వాచినపుడు సి.ఆర్.పి. కూడ మోసము చేయును. కావున వైద్యుడు అన్నిటిని ప్రక్కప్రక్కన పెట్టుకొని చూచును.

తీవ్రమైన ఇన్ఫెక్షన్ అని తేలినపుడు మైకోఫినాలేట్, అజాథయోప్రిన్, మిథోట్రెక్సేట్, సైక్లోఫాస్ఫమైడ్ వంటివాటిని వైద్యుడు కొంతకాలము నిలిపివేయును. స్టెరాయిడ్‌ను మాత్రము ఒక్కసారిగా నిలుపరాదు. ఈ పాఠము నేర్చుకొనుటకు ఒక ప్రాణము పోయినది. 1952లో అమెరికా వైద్య పత్రికలో ఒక వృత్తాంతము వచ్చినది: కార్టిజోన్ వాడుచుండిన ముప్పదినాలుగేండ్ల కీళ్ళవాత రోగి, తుంటి శస్త్రచికిత్స అనంతరము రక్తపోటు పడిపోయి, ఎన్ని విధముల ప్రయత్నించినను లేవక మరణించినాడు. పరీక్షింపగా మూత్రపిండముల పైనుండు ఎడ్రినల్ గ్రంథులు ఎండి కృశించియుండెను. బయటినుండి కార్టిజోన్ వచ్చుచుండగా అవి పని మానుకొనినవి. ఆరోగ్యవంతునికి జ్వరము, శస్త్రచికిత్స వంటి కష్టకాలములో ఆ గ్రంథులే ఎక్కువ కార్టిసాల్ ఊరించి నిలబెట్టును. స్టెరాయిడ్ చాలకాలముగా వాడువారికి ఆ బలము లేదు. కాబట్టి పెద్ద జ్వరములో వైద్యుడు స్టెరాయిడ్ మోతాదును కొంత పెంచును. వాంతులతో మాత్ర నిలువనిచో సూదిమందుగా ఇచ్చును. జ్వరము వచ్చినది గదా, ఈ వేడి మాత్రలు రెండు దినములు ఆపుదము అని ఇంటివారు చేయు మంచి ఉద్దేశము ఇక్కడ విషమగును.

ఈ ప్రాంతపు ప్రత్యేకతలు కొన్ని చెప్పక తప్పదు. మొదటిది క్షయ. ప్రపంచములోని క్షయ రోగులలో సుమారు నాలుగవ వంతు మన దేశములో ఉన్నారు. కనుక స్టెరాయిడ్ పెద్ద మోతాదులో ఆరంభించుటకు ముందే ఛాతీ ఎక్స్‌రే తీయించుట, ఇంటిలో ఎవరికైన క్షయ ఉండెనా అని అడుగుట అవసరము. తోలుమీద వేయు ట్యూబర్‌క్యులిన్ పరీక్ష స్టెరాయిడ్ వాడువారిలో పొంగకపోవచ్చును. పొంగలేదు గనుక క్షయ లేదని అనుకొనుటకు వీలులేదు. క్షయ బయటపడిన తరువాత ఇంకొక చిక్కు కలదు. రిఫాంపిసిన్ అను ముఖ్యమైన క్షయ మందు కాలేయమును పురికొల్పి ప్రెడ్నిసలోన్‌ను త్వరత్వరగా ఖర్చుచేయించును. పాత మోతాదే వేసికొనుచున్నను శరీరమునకు చాలక, లూపస్ మరల తల ఎత్తును. క్షయ మందు ఇచ్చువారికి లూపస్ సంగతియు, లూపస్ వైద్యునికి క్షయ సంగతియు తెలియుట ఇందుచేతనే ముఖ్యము.

క్షయ చరిత్రలో రాయలసీమకు చిన్న స్థానము కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరములో 1915నుండి క్షయ ఆస్పత్రి నడచినది. పైన చెప్పిన 1948లోనే అదే మదనపల్లెలో బి.సి.జి. టీకాలు ప్రయోగముగా ఆరంభమైనవి. 1956లో మద్రాసులో ఆరంభమైన పరిశోధన కేంద్రము, క్షయ రోగులు ఇంటివద్ద ఉండి మందు తీసుకొన్నను ఆస్పత్రిలో ఉన్నవారితో సమానముగా నయమగుదురని నిరూపించి లోకమునకు దారి చూపినది. బి.సి.జి. ప్రాణముతో ఉన్న క్రిమితో చేసిన టీకా. పసిబిడ్డలకు మేలు చేయు ఆ టీకా, నిరోధశక్తిని అణచుకొన్న లూపస్ రోగికి ఇయ్యరాదు. తట్టు, ఆటలమ్మ టీకాలును ఆ వర్గమువే. ప్రాణములేని క్రిములతో చేసిన ఇన్‌ఫ్లుయెంజా టీకా, న్యుమోనియా టీకా ఇయ్యవచ్చును, ఇయ్యవలెను. మందులు ఆరంభించుటకు ముందైనచో మరింత మేలు.

రెండవది చెప్పులు లేని పాదము. తడి నేలలో ఉండు స్ట్రాంగిలాయిడిస్ అను సన్నని పురుగు పాదపు చర్మముగుండా లోపలికి పోయి, పేగులో ఏండ్ల తరబడి చప్పుడు లేక ఉండును. స్టెరాయిడ్ ఆరంభించినంతనే అది వేలకొలది పెరిగి ఊపిరితిత్తులలోనికి, రక్తములోనికి పేగు క్రిములను మోసికొనిపోవును. మలపరీక్ష చేయించి, అవసరమైనచో ఐవర్‌మెక్టిన్ ముందుగా ఇచ్చుట పెద్ద ఖర్చు కాదు. నడుము చుట్టు మంటతో పాకు సర్పి పొక్కులు కూడ ఈ రోగులలో ఎక్కువ. కనబడిన దినముననే మందు పడినచో త్వరగా తగ్గును. మూడవది ఎండ. ఎమ్మిగనూరులో మగ్గము ముందు కూర్చుండు స్త్రీకి నీడ దక్కును. మాచాని సోమప్పగారు 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘము ఎన్ని కుటుంబములకు ఆ నీడలో కూడు పెట్టినదో అక్కడివారికి తెలియును. పత్తి చేనిలో కూలికి పోవు స్త్రీకి నీడ లేదు. ఎండవలన రోగము ఎగయును, ఎగసినచో స్టెరాయిడ్ పెరుగును, పెరిగినచో ఇన్ఫెక్షన్ భయము పెరుగును. నిండు చేతుల రవిక, తలపై కొంగు, ప్రొద్దుటి పని, ఇవి కూడ వైద్యములో భాగమే. మలేరియా మందుగా పుట్టిన హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇక్కడ మరువరానిది. అది కంచెను పడగొట్టదు. దానిని విడువక వాడువారిలో తీవ్రమైన ఇన్ఫెక్షన్లు తక్కువని పరిశీలనలలో కనబడినది.

ఆస్పత్రి సంగతి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము ఏర్పడు వరకు ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనిది. రాజకీయముగా కర్నూలులో చేరినను, జబ్బు చేసిన ఆదోనివారి కాళ్ళు నేటికిని బళ్లారివైపే ఎక్కువగా నడచును; కర్నూలు నూరు కిలోమీటర్ల దూరము, బళ్లారి దగ్గర. కర్నూలు వైద్య కళాశాల 1956లోను, బళ్లారిది 1961లోను పుట్టినవి. రెండింటిలో ఎక్కడికి పోయినను తప్పులేదు గాని, ఇక్కడ ఒకసారి అక్కడ ఒకసారి పోవుట వలన ఒకరి చీటీ ఇంకొకరికి తెలియకపోవును. జ్వరము 100.4 డిగ్రీలు దాటినను, వణకు వచ్చినను, ఆయాసము, మగత, మూత్రము తగ్గుట కనబడినను, రెండు నాళ్ళ మర్యాద పాటింపక అదే దినము బయలుదేరవలెను. ఒళ్ళు చల్లగా ఉండి మనిషి మాత్రము వాడిపోయినను అంతే. దారిలో ఊరి ఆర్.ఎం.పి. డాక్టరు ఒక సూది వేయుదునన్నచో, అది ఏ సూది అని వ్రాయించుకొనవలెను. జ్వరము దించు సూదులలో స్టెరాయిడ్ ఉండుట అరుదు కాదు.

కంచెను ఎంత తీయవలెనను ప్రశ్నకు సమాధానము ఏటేట చిన్నదగుచున్నది. ఐరోపాలోని పలు ఆస్పత్రులు కలిసి 2002లో ప్రకటించిన పరిశోధనలో, మూత్రపిండపు లూపస్‌కు సైక్లోఫాస్ఫమైడ్ పదిహేను దినములకొకసారి 500 మిల్లీగ్రాముల చొప్పున ఆరుమార్లు, మొత్తము 3 గ్రాములు ఇచ్చినచో, పూర్వపు పెద్ద మోతాదుతో సమానముగా పనిచేసినది. 2023లో ఐరోపా నిపుణులు ప్రెడ్నిసలోన్‌ను నిలకడగా రోజుకు 5 మిల్లీగ్రాములు లేక అంతకంటె తక్కువకు దింపవలెనని సూచించినారు. దింపుట వైద్యుని చేతిలోని పని, మెల్లగా దింపవలెను.

ఇక మిగిలినది వలస కాలము. సంక్రాంతి దాటినప్పటినుండి కోసిగి, మంత్రాలయము, పెద్దకడుబూరు, కౌతాళము వైపు ఊళ్ళనుండి కుటుంబములు మిరప కోతలకై గుంటూరు ప్రాంతమునకు కదలును. మూటలలో జొన్నలు, గిన్నెలు సర్దుకొనుట జ్ఞాపకము ఉండును. మాత్రలు పది దినములకు సరిపడునవే ఉండును. లూపస్ స్త్రీ వలస పోవలసివచ్చినచో, తిరిగి వచ్చువరకు సరిపడు మాత్రలు, వాటితో ఒక చీటీ ఉంచుకొనుట మంచిది. ప్రెడ్నిసలోన్ మోతాదు, మిథోట్రెక్సేట్ వేసికొను వారము పేరు, ఇయ్యరాని మందుల పేర్లు, ఈ మూడును అందులో తెలుగులోనే వ్రాయించుకొనవలెను. గుంటూరు డాక్టరు చదువగలడు; అవసరము వచ్చిన రాత్రి ముఠా మేస్త్రీయు చదువగలడు.